పెద్దక్క తాళం

శనివారం ఉదయం. కొండదారిలో ఇద్దరు పాత స్నేహితులు. ఒకే బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఒకడు ఎలక్ట్రీషియను, మరొకడు సూపర్‌వైజరు.

"ఆ బ్యాగు ఇటివ్వరా, కరెంటూ. నేను మోస్తా."

"వద్దు."

"వద్దేంటి? కింద నుంచీ చూస్తున్నా, కుంటుతున్నావు. ఇటివ్వు."

"కుంటుతున్నది కాలు, వీపు కాదు. నువ్వు నడువు, సూపర్‌వైజరు గారూ."

"ఈ రెండు రోజులూ గారూ గీరూ వద్దన్నానా? ఇక్కడ ఫ్యాక్టరీ లేదు, షిఫ్టు లేదు. ట్రైనింగు స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. అప్పట్లో ఈ కొండ పరిగెత్తుకుంటూ ఎక్కాం, గుర్తుందా?"

"నువ్వు పరిగెత్తావు. నేను నీ చెప్పులు పట్టుకుని వెనకాల వచ్చాను."

"అబ్బో, అది కూడా గుర్తుపెట్టుకున్నావా!"

"తెగిన చెప్పులు రెండు చేతులా మోసుకుంటూ కొండెక్కితే ఎవడికైనా గుర్తుంటుంది."

"అందుకే ఇవాళ నీ బ్యాగు నేను మోస్తానంటున్నా. చెల్లుకు చెల్లు."

"ఎక్కడం మొదలెట్టిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నావు. ఏముందనుకుంటున్నావు ఇందులో? రొట్టె, నీళ్లు, దుప్పటి."

"ఏముంటే నాకేంటి? ఊరికే అడిగా."

"నేనూ ఊరికే వద్దన్నా. నడు."

"నడుస్తున్నానుగా... మళ్లీ ఆగావేం?"

"లేసు ఊడింది."

"ఇందాకే కదరా కట్టావు!"

"మళ్లీ ఊడింది. తొందరేముంది? నీకేమైనా తొందరా?"

"నాకా? నాకేం తొందర! కూర్చో, కూర్చో. ఎంతసేపైనా కూర్చో. పైన గది మన పేరునే ఉంది, ఎక్కడికీ పోదు."

"మరి ఫోను చూస్తున్నావు?"

"టైము చూస్తున్నా. సిగ్నలు ఎక్కడేడ్చింది ఇక్కడ? అదే హాయి. రేపు సాయంత్రం దాకా మనల్ని పట్టుకునేవాడు లేడు."

"సోమవారం లేబరాఫీసులో విచారణ ఉంది."

"ఇదిగో, మొదలెట్టావు! కొండ మీద విచారణేంట్రా? గాలి పీల్చు కాస్త."

"పీలుస్తూనే అంటున్నా. మనకి పని నేర్పిన పెద్దక్క చెయ్యి పోయినదాని మీద విచారణ."

"దేని మీదో నాకు తెలీదా? నేనూ ఆ ఫ్యాక్టరీలోనే ఏడుస్తున్నా."

"తెలుసనే చెబుతున్నా. నువ్వూ ఏదైనా చెబుతావేమోనని."

"ఏం చెప్పాలి? నాకు మాత్రం బాధ లేదా? కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. చూసినవాడికి అన్నం సహించదు. కానీ ఏం చేస్తాం? స్విచ్చికి తాళం వేసుకోకుండా పిండి మిషన్లోకి దూరితే..."

"తాళం వేసుకోకుండా."

"అవును. రిపోర్టులో అదే ఉంది."

"రిపోర్టు రాసింది నువ్వు."

"సూపర్‌వైజర్ని నేను రాయక, వాచ్‌మన్ రాస్తాడా?"

"రోజూ పొద్దున్నే జాగ్రత్తల క్లాసులో ఆవిడ ఫొటో గోడకి పెట్టి చదివేది కూడా నువ్వే. 'నిర్లక్ష్యానికి ఫలితం చూడండి' అని. మొన్న కొత్తగా చేరిన పిల్ల అది చూసి నవ్వింది. విన్నావా?"

"మేనేజరు చదవమన్నాడు, చదివా."

"చదవమన్నాడు, చదివావు. మనం చేరిన మొదటి రోజు గుర్తుందా? పెద్దక్క మనిద్దర్నీ ఆ మిషను ముందు నిలబెట్టి ఏం చెప్పింది?"

"ఎందుకిప్పుడు..."

"చెప్పరా. నువ్వే కదా రోజూ క్లాసు చెప్పేది."

"లోపల చెయ్యి పెట్టేవాడు స్విచ్చికి తన తాళం తనే వేసుకోవాలి. తాళంచెవి ఒంటి మీదే ఉంచుకోవాలి."

"ఆ తర్వాత?"

"వేసినవాడు తప్ప ఇంకెవరూ తియ్యకూడదు."

"అలా అనలేదు. 'వేసినవాడు తప్ప దేవుడొచ్చినా తియ్యకూడదు' అంది. దేవుడొచ్చినా అంది గానీ సూపర్‌వైజరొచ్చినా అనలేదు. ఆవిడ చేసిన తప్పు అదొక్కటే."

"ఏంట్రా నీ ఉద్దేశం?"

"ఉద్దేశం లేదు, గిద్దేశం లేదు. ఆయాసం తీర్చుకుంటున్నా. పద."

మరికొంత పైన, బండరాయి నీడలో.

"కరెంటూ, ఒక మాట చెప్పాలి. అసలు అందుకే తీసుకొచ్చా నిన్ను."

"చెప్పు."

"మన హెడ్ ఎలక్ట్రీషియను రిటైరవుతున్నాడు. ఆ కుర్చీకి నీ పేరు నేనే చెప్పా. మేనేజరు సరేనన్నాడు."

"అలాగా."

"అలాగా ఏంట్రా! ఎగిరి గంతేస్తావనుకున్నా. ఇంకెన్నాళ్లు ఆ కాలితో నిచ్చెనలెక్కుతావు? హాయిగా కుర్చీ, నెత్తి మీద ఫ్యాను..."

"ఆ ఫ్యాను బిగించింది నేనే. అది ఏపాటి తిరుగుతుందో నాకు తెలుసు."

"వెటకారం తర్వాత. సోమవారం నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. 'నేను చూడలేదు' అను, చాలు. నిజంగానే చూడలేదుగా? అంతా అయ్యాక పిలిస్తే వచ్చావు."

"పిలిస్తే వచ్చాను. మిషను బోర్డు చూడమన్నావు, చూశాను. చుట్టుపక్కల కూడా చూశాను."

"చుట్టుపక్కల ఏముంది చూడ్డానికి?"

"పాడైన పిండి పారేసే డబ్బా."

"దాహమేస్తోంది. నీ బ్యాగులో నీళ్లున్నాయన్నావుగా, ఇటివ్వు."

"ఇదిగో సీసా. బ్యాగెందుకు నీళ్లు తాగడానికి?"

"నీకు నా మీద నమ్మకం పోయిందిరా."

"తాగు. తాగి ఆ మాట మళ్లీ అను, చూద్దాం."

"పోనీ, చెబుతావే అనుకో. చెబితే నీకొచ్చేదేంటి? ఉద్యోగం పోతుంది. పోతే ఏం తింటావు?"

"పోతే పోనీ. ఫ్యూజు పోయిన ఇల్లు ఊళ్లో ఎక్కడో ఒకటి ఉండకపోదు."

"మా ఇంట్లో బల్ల ముందు కూర్చుని పనిచేసిన మొదటి మనిషిని నేను. తెలుసా నీకు? మా నాన్న చచ్చేదాకా బస్తాలు మోశాడు."

"మా నాన్నా మోశాడు. ఇద్దరూ ఒకే గోడౌను. ఏనాడూ ఒకడి బస్తా ఇంకొకడి నెత్తిన పెట్టలేదు."

కొండపైన, గది ముందు అరుగు మీద.

"నీళ్లు పట్టుకొచ్చా. ఊట సన్నగా వస్తోంది, సీసా నిండేసరికి... ఏం చేస్తున్నావురా?"

"ఏం లేదు. ఆకలేసి... రొట్టె..."

"రొట్టె కోసం దుప్పటి మడతలు విప్పావా? రొట్టె నీ మోకాలి పక్కనే ఉంది."

"ఏదిరా?"

"ఏది?"

"నాతో నాటకాలాడకు. తాళం ఏది?"

"ఏ తాళం?"

"పెద్దక్క తాళంరా! తర్వాత వెళ్లి చూస్తే డబ్బాలో లేదు. నువ్వే తీశావు. ఇంట్లో పెట్టి వచ్చే రకం కాదు నువ్వు. ఎక్కడ పెట్టావు?"

"అసలు పెద్దక్క తాళమే వెయ్యలేదుగా? రిపోర్టులో అదేగా ఉంది? వెయ్యని తాళాన్ని నా దుప్పట్లో వెతుకుతున్నావేంటి, సూపర్‌వైజరు గారూ? చెప్పు. పొద్దున్నుంచీ లేసు కట్టిన చోటల్లా అడుగుతూనే ఉన్నా. చెప్పు."

"కావాలని చెయ్యలేదురా. నా పిల్లల మీద ఒట్టు. ఆవిడ ఇంటికెళ్లిపోయిందనుకున్నా. తాళం మర్చిపోయి ఇంటికెళ్లిపోవడం లోకంలో ఎవరూ చెయ్యనిదా? నువ్వు చెయ్యలేదూ? అంతకుముందు వారం ఆవిడే చేసింది. కత్తిరించి తీశాం. ఏం కాలేదు. ఆ రోజూ అదే అనుకున్నా. ఆర్డరు ఆగిపోయింది, మేనేజరు ఫోను మీద ఫోను. కేకేశా. రెండుసార్లు కేకేశా. పలకలేదు."

"మిషను డ్రమ్ములో తల దూర్చి అట్టకట్టిన పిండి గీకుతుంటే నీ కేక వినబడుతుందా? వంగి చూడాలి. ఒక్కసారి వంగితే కనబడేది."

"వంగలేదు."

"మరేం చేశావు?"

"నా బీరువాలోంచి కట్టరు తెచ్చి... కత్తిరించా. స్విచ్చి వేశా. చాలా? నా నోటితోనే అనిపించావుగా. చాలా నీకు?"

"నాకెందుకు చెబుతున్నావు? పోయింది నా చెయ్యి కాదు. ఆవిడ దగ్గరికెళ్లి చెప్పు. చెయ్యి పోయింది చాలక, నిర్లక్ష్యం మనిషి అన్న పేరు కూడా మోస్తోంది. ఎల్లుండి క్లాసులో ఆ ఫొటో తీసి నీది పెట్టుకో."

"పెట్టుకుంటే జైలుకి పోయేది నేను. ఫోను మీద ఫోను చేసినవాడు పోడు. వాడు ఏసీలో కూర్చుంటాడు, నేను పోతా. ఇదా న్యాయం?"

"కాదు. అందుకే వాడి పేరు కూడా చెప్పు."

"నీకెలా చెప్పాలిరా! మనం ఎంతటివాళ్లం? వాళ్లు తల్చుకుంటే..."

"ఏం తల్చుకుంటారు? తల్చుకోనీ. పెద్దక్క లేకపోతే చేరిన మొదటి నెల్లోనే నా చెయ్యి పోయేది. నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఈ చేత్తో తిన్న ప్రతి ముద్దా ఆవిడ పెట్టిందే. నేను నోరు మూసుకుంటే ఆ ముద్ద గొంతు దిగదు. నీ కుర్చీ నువ్వే ఉంచుకో, ఫ్యానుతో సహా."

"అయితే చెబుతావన్నమాట."

"చెబుతా."

"సోమవారం."

"సోమవారం కాకపోతే మంగళవారం. ఎవడు అడ్డమొస్తాడో చూస్తా."

"సోమవారం ఏమీ లేదురా, కరెంటూ."

"ఏమన్నావు?"

"విచారణ ఇవాళ్టికి మార్చారు. పొద్దున్నే మొదలై ఉంటుంది. ఈపాటికి ముగింపుకొచ్చేసి ఉంటుంది. నీ పేరున నోటీసు ఫ్యాక్టరీకే వచ్చింది. నీకివ్వాల్సింది నేను. ఇవ్వలేదు."

"ఇవ్వలేదు."

"తిట్టు, కొట్టు, నీ ఇష్టం. నా వాంగ్మూలం ఎప్పుడో ఇచ్చేశా. షిఫ్టులో ఉన్న ఆరుగురూ 'చూడలేదు' అనే అంటారు. నోరున్నవాడివి నువ్వొక్కడివే. నువ్విక్కడున్నావు. ఇప్పుడు పరిగెత్తినా కింద దాకా చేరేసరికి ఆఫీసు మూసేస్తారు."

"అందుకా ఈ కొండ."

"అందుకే. వేరే దారి కనబళ్లేదు... నవ్వుతున్నావేంట్రా? పిచ్చిగానీ పట్టిందా?"

"లేసు."

"ఏం లేసు?"

"పొద్దున్నుంచీ ఎన్నిసార్లు ఊడిందో! బూటు కొత్తది, లేసు కొత్తది, ఊడదీసింది నేనే. ప్రతిసారీ నువ్వు 'కూర్చో, కూర్చో' అంటుంటే నవ్వాపుకోలేక చచ్చా."

"ఏం మాట్లాడుతున్నావు?"

"నా నోటీసు ఆపావు, సరే. పెద్దక్కకి రాదా నోటీసు? ఫిర్యాదు ఆవిడది కదరా! వస్తే నాకు చెప్పదా? నన్ను లెక్కేసుకున్నావు, ఆరుగుర్నీ లెక్కేసుకున్నావు, అసలు మనిషిని వదిలేశావు. ఆ రోజూ అంతేగా నువ్వు. లోపల ఆవిడ ఉందో లేదో చూసుకోలేదు."

"నీకు ముందే తెలుసా? తెలిసీ... మరి నీ సాక్ష్యం?"

"గురువారమే ఇచ్చేశా. ఆఫీసరు ఎదురుగా కూర్చుని, సంతకం పెట్టి. తాళం కూడా అప్పుడే బల్ల మీద పెట్టా. పిండి ఎండి అట్ట కట్టింది గానీ, ఆవిడ గుర్తుకి పెట్టుకున్న గోళ్లరంగు చుక్క చెక్కుచెదరలేదు. తాళంచెవి ఆవిడ మెళ్లోనే ఉంది ఇప్పటికీ. ఇవాళ రెండూ ఒకే బల్ల మీదుంటాయి."

"నా పేరు చెప్పావా?"

"చెప్పా. ఇంటిపేరుతో సహా."

"అంతా అయిపోయాక ఇంక నాతో నీకేం పనిరా? కుంటుకుంటూ ఈ కొండెందుకెక్కావు?"

"ఆరుగురూ నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగారు. 'చూసింది చూసినట్టు చెబుతాం అన్నా, కానీ ఆయన ఆ గదిలో గోడకానుకుని నిలబడితే మాకు మాట పెగలదు. ఆ ఒక్క పూట ఆయన్ని ఎక్కడికైనా దూరంగా తీసుకుపో' అన్నారు. ఏ వంక పెట్టి తీసుకుపోవాలిరా దేవుడా అని తల పట్టుకుని కూర్చున్నానా, అంతలో నువ్వే ఫోను చేశావు, 'ఒరే, కొండెక్కుదాం వస్తావా' అని."