జిన్‌షుయ్ వాళ్ళమ్మతో ఇంటర్వ్యూ

ఏం బావుందక్కా? మొదటి ఇంటర్వ్యూకే ఇంత బాగా రాశావని మెచ్చుకోకండి నన్ను! ఆ కాగితాలు పక్కన పెట్టి ముందు నా మాట వినండి.

నాన్‌ఫాంగావ్ రేవుకి పంపుతూ మీరేమన్నారు? 'అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు అడక్కు యీజూ. అడిగాక నోరు మూసుకో. నువ్వు ఊరుకుంటే ఎదుటిమనిషే మాట్లాడుతుంది.' అన్నారా లేదా?

దారిలో కోస్ట్‌గార్డు ఆఫీసుకి వెళ్ళాను. జిన్‌షుయ్‌తో సహా తప్పిపోయిన ఆ చేపల పడవ కోసం వెతకడం ఆపేశామన్నారు. ఇంకెవరూ బతికుండరట. ఇంటివాళ్ళకి చెప్పడానికి మా మనిషి బయల్దేరాడన్నారు. సరే, నేను చేరేసరికి జిన్‌షుయ్ వాళ్ళమ్మకి తెలిసే ఉంటుందనుకున్నా.

తీరా వెళ్తే ఆవిడేం చేస్తోంది? కొడుకు రబ్బరు బూట్లు కడిగి ఎండలో బోర్లిస్తోంది!

'రా తల్లీ, తిన్నావా?' అంటూ వేడివేడి చేప ఉండల సూప్ చేతిలో పెట్టింది. సముద్రాన్ని కాచే మాజు అమ్మవారి గుళ్ళో జోస్యం చెక్కలు వేసి, కొడుకు వస్తాడా అని అడిగిందట. వస్తాడనే పడ్డాయట.

ఏమడగను? 'మీ జిన్‌షుయ్ ఎలాంటివాడు పెద్దమ్మా?' అన్నాను. అంతే, ఎన్ని చెప్పిందనీ! చిన్నప్పుడు పడవెక్కితే చాలు, వాంతులట. 'సముద్రం పడని వెధవ, చేపలవాడే అయ్యాడు చూడు' అని పకపకా నవ్విందక్కా. మీకు తెగ నచ్చిందన్నారే, ఆ నవ్వే అది.

నవ్వుతూ నవ్వుతూ ఆగి నా చెయ్యి పట్టుకుంది. 'పేపరువాళ్ళకి అన్నీ ముందే తెలుస్తాయంటారు. నీకేమైనా తెలిసిందా తల్లీ?'

చెప్పనా? చెప్పడానికి నేనెవర్ని? చెప్పకుండా కూర్చోడానికి మాత్రం నేనెవర్ని? ఊరుకున్నాను.

మీరన్నట్టే అయింది. ఆవిడే మాట్లాడింది. 'తెలిస్తే చెప్పేదానివేలే. తిను, చల్లారిపోతోంది.'

తిన్నానక్కా! ఏం చెయ్యను మరి, తిన్నాను. గిన్నె కింద పెట్టి, వంగి దండం పెట్టి బయటపడ్డాను.

సందు మొగలో యూనిఫాం వేసుకున్నతను ఎదురొచ్చాడు. కుర్రాడే, నా వయసుంటుందేమో. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. 'జిన్‌షుయ్ వాళ్ళిల్లు ఎక్కడండీ?' అన్నాడు.

వేలెత్తి చూపించాను.

ఇవాళంతా నేను జవాబు చెప్పింది ఆ ఒక్క ప్రశ్నకే. వేసెయ్యండక్కా, రేపటి పేపర్లో వేసెయ్యండి. బావుందన్నారుగా.