కుట్టు బయటికి పెట్టిన పట్టులంగా

ఏమ్మా రూపా, పాపకు గౌను తిరగేసి తొడిగినావేంది? కోప్పడలేదులే, కూచ్చో. సరిగ్గా తొడిగితే పీకి పారేస్తాందా? మీ ఆయన జగదీష్ ఏమంటాడు? "మొండిది, రెండు తగిలిస్తే దారికొస్తాది" అంటాడా? ఊఁ... వాణ్ని అని ఏం లాభం, నేనూ ఒకప్పుడు అదే అన్నోణ్ణి. నీకు ఖమర్‌బీని గురించి చెప్పాల. నువ్వు ఈ ప్రొద్దుటూరికి కోడలుగా రాకముందే పోయిందిలే ఆయమ్మ. మా బట్టలంగడి అరుగు మీద మిషనేసుకొని కుడతాండె. జాకెట్టంటే ఆయమ్మే కుట్టాల, జమ్మలమడుగు నుంచి గూడా వస్తాండ్రి. టీ తెప్పిస్తే మాత్రం చక్కెర చాల్లేదని పోట్లాట... ఏం చెప్తాంటి?

ఆఁ, మా బిడ్డ గౌరి. దానికప్పుడు ఆరేండ్లు. బడి నుంచి వచ్చి అంగడి మూల కూచ్చొని దారపు ఉండలు రంగుల వరసన పేరుస్తాండె. ఎవరన్నా ఒకటి జరిపితే మళ్లా మొదట్నించి. మేం కోమటోళ్లం గదమ్మా, బిడ్డ సరుకు సర్దితే ఇంకేం కావాల! "మా ఇంటి లచ్చిమి అప్పుడే అంగడి పని పట్టుకునింది" అని వచ్చినోళ్లకంతా చూపించి మురిసిపోతాంటి. అదీ నా తెలివి. బళ్లో అయివారేమో "బంగారు బొమ్మ, నోట్లో నాలుక లేదు" అనె. ఇంట్లో కుక్కరు కూతేస్తే చాలు, చెవులు మూసుకొని మంచం కింద దూరి గంటసేపు ఏడుస్తాండె. మా యింటామె "బళ్లో బాగుంటాది, మన దగ్గరే గారాం" అనె. ఖమర్‌బీ ఒకనాడు సూది నోట్లో పెట్టుకొనే అంటాది, "బళ్లో బాగుండలే శెట్టీ. పక్కపిల్లను చూసి చేస్తాంది. ఇద్దరూ బడి నుంచి వచ్చేటప్పుడు చూస్తాండా, ఆ పిల్ల నవ్వితే నవ్వుతాది, నాతో ఆ పిల్ల మాటలే ఆ పిల్ల గొంతుతో చెప్తాది. దినమంతా అట్ల దాచుకొని దాచుకొని ఇంటికొచ్చి బద్దలైతాది." నాకు శానా కోపమొచ్చె. "నీ కుట్టు నువ్వు చూసుకో" అంటి. అనేసినానమ్మా.

ఆ దసరాకు మా అమ్మవారిశాల గుడికి పోదామని జరీ పట్టులంగా తొడిగితే, అంగడి ముందర కేకలు పెట్టి దొర్లె. నలుగురూ చూస్తాండారు. నా పరువు! చెయ్యెత్తినా. ఖమర్‌బీ లేచొచ్చి నా చెయ్యి పట్టుకునె. బజార్లో, శెట్టి చెయ్యి! "మా చెల్లెలు షరీఫా ఇట్లే ఉండె శెట్టీ. దయ్యమన్నాం, తాయెత్తులు కట్టినాం, కొట్టినాం. వచ్చిన నాలుగు మాటలు గూడా మానేసె. మీరు కొట్టొద్దు" అని బిడ్డ నడుము చూపిచ్చె. జరీ కుట్టు ఒరుసుకొని ఎర్రగా కమిలిపోయింది. అప్పటికప్పుడు లంగా విప్పదీసి, కుట్టంతా బయటికి పెట్టి, లోపల నా పాత పంచె గుడ్డ అతికె. అది కట్టుకొని నా వేలు పట్టుకొని నడిచొచ్చెనమ్మా నా బిడ్డ! జనం నవ్విరి. నవ్వనీ.

తర్వాత ఆయమ్మే పోరు పెట్టి బెంగుళూరుకు పంపె. ఆడ డాక్టరమ్మ ఆటిజం అనె. ఆ మాట వినేదే అప్పుడు. "ఆడపిల్లల్లో మాకే తొందరగా అంతుపట్టదు, ఎవరు కనిపెట్టినారు?" అనడిగె. "మా అంగడి దర్జీ" అంటి. ఖమర్‌బీ పోయినప్పుడు గౌరి ఏడవలా, మనసు లేదనిరి. నలభై దినాలు ఆయమ్మ దారాలు పేర్చుకొని, ఎవర్నీ ముట్టుకోనీలా. ఇప్పుడు మ్యాచింగు కావాలంటే ఊరంతా గౌరి కాడికే వస్తాది. నా బిడ్డను నాకిచ్చింది ఆయమ్మ. ఆ మిషనుకు దండం పెట్టుకోకుండా నేను ఒక్కనాడూ అంగడి తలుపు తీయను.

గౌను తిరగేసుకున్నోళ్లంతా అదే అని చెప్పలేదమ్మా. డాక్టరుకు చూపిచ్చుకో, తప్పేముంది? జగదీష్‌ను ఒకసారి నా కాడికి పంపు. అవునూ, తిరగేసి తొడగాలని నీకెవరు చెప్పిరి? ఎవరూ చెప్పలేదా? నీ అంతట నువ్వే...

పాప గౌన్లు నాలుగు తీసకరాపో తల్లీ, కుట్టు బయటికి పెట్టిద్దాం. గౌరీ, ఖమర్‌బీ మిషను మీద గుడ్డ తియ్యమ్మా.