గుమ్మం ముందు కుళాయి

విజయనగరం శివారు పేటను మున్సిపాలిటీ బాగుచేయబోతోంది. ఎవరికేం కావాలో ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్న ఓవర్సీరు, పొద్దువాలే వేళకి చివరింటి ముసలమ్మ దగ్గర ఆగాడు.

“రోడ్డు వెడల్పు చేస్తాం, దీపాలు వేస్తాం. మీకింకేం కావాలి మామ్మగారూ?”

“ఇంకో కుళాయి ఏస్తారట కదా బాబూ. అది మా గుమ్మం ముందర ఎయ్యి.”

“అందరూ తమ గుమ్మం ముందు వద్దంటున్నారు. బురదట, బిందెల దగ్గర తగువులట.”

“తగువులాడుకోనీ. నా గుమ్మంలోనే ఆడుకోనీ.”

“మీ పెరట్లో నుయ్యుంది కదా, ఎండిపోయిందా?”

“ఎండిపోనేదు. కొబ్బరినీళ్ళలాగుంటాయి. ఇదివరకు పేటంతా మా నూతికే వచ్చీవోరు. తోడినంతసేపూ ఒకటే కబుర్లు. ‘ఇంక ఎల్లండే’ అని కసిరీదాన్ని.”

“మరిప్పుడు?”

“నిరుడు ఆ సివర్న మొదటి కుళాయి ఏసినారు కదా. ఆ కాడ్నుంచీ ఎవులూ రారు.”

“పోనీలెండి, మీకు నీళ్ళకి లోటు లేదుగా.”

“నీళ్ళకి నేదు బాబూ. నూతిలోకి తొంగి సూస్తే నా మొకమొక్కటే కనపడతన్నాది.”