పోశవ్వ చుట్టల డబ్బ

ఏందే స్రవంతీ, మీ తాతకు తెచ్చిన చుట్టలు గట్ల పేపర్ల సుట్టి కిటికీల పెట్టినవా? ఎండి పొట్టయితయే బిడ్డా! మా పోశవ్వ ఉంటె నిన్ను తిట్టిన తిట్టు తిట్టకుంట తిడుతుండె. ఏ పోశవ్వనా? మా పెద్దాడిబిడ్డ. కోరుట్లల బీడీలు చేసేది, తాగుడు మాత్రం చుట్టనే. 'బీడీలు ఊరోళ్లకు, చుట్ట నాకు' అనేది. సకల జనుల సమ్మె నాటి ముచ్చట. బస్సులు బంద్, దుకాండ్లు బంద్, జగిత్యాల నుంచి అచ్చే చుట్టలు గూడ బంద్. మా వాడకట్టు మూలకు టెంటేసి రోజింతమంది ఉపాసం కూసునేది. పెత్తనమంత బాలకిషన్‌ది. దుబాయ్ పోయచ్చినోడు, తెల్లంగి, మెడల కండువ. పోశవ్వ పోయి 'మేం బీడీలోళ్లం గూడ ముంగట దండలేసుకొని కూసుంటం' అన్నది. 'ఆడోళ్లు ఎనుక కూసోని పాటలు పాడుండ్రి, సాలు' అన్నడాయిన. ఆయినె గూడ చుట్టలోడే. దుబాయ్ కట్టెపెట్టె ఉండె, అద్దం మూత, లోపల గడియారం లెక్క తడి జూపే ముల్లు. 'గీండ్ల పెడితె ఎన్నాళ్లయినా తాజాగుంటయి, సేట్లు వాడేది' అని ఒకటే గప్పాలు. పోశవ్వ అందరి ముంగట అననే అన్నది: 'దసరా ఎళ్లినంక నీ చుట్ట నా చుట్ట ఒక్కసారి ముట్టిద్దాం. నాది మంచిగ కాలితె ముందు వరుస మాది. ఓడితె నోరు మెదపం.' అన్నదిగని, తునికాకును సుట్టినట్టు చుట్టలను గూడ తడి గోనెసంచిల సుట్టి పెట్టింది. బీడీలు చేసే చెయ్యాయె, గదే తెలుసు. నాలుగొద్దులకు తెల్లగ బూజు! బాలకిషన్ నవ్వుడే నవ్వుడు, 'ఏం పోశక్కా, పత్తి పండిచ్చినవా?' అని. బూజు పట్టినయి పారేసింది, గుప్పెడే మిగిలినయి. ఆకుకు తడి కావాలెగని చుట్టకు సల్లగాలి సాలని అప్పుడు సమజయింది. మురుకుల ప్లాస్టిక్ డబ్బ తీసింది, గట్టిమూతది. నూనె వాసన పోయేదాంక కడిగి ఎండబెట్టింది. పగిలిన కుండ పెంక నీళ్లల నానేసి, తుడిసి, చిన్న గిన్నెల పెట్టి డబ్బల ఓ మూలకు ఉంచింది, చుట్టలకు తగలకుంట. పెంక ఎండితె మళ్ల నానేసేది, అప్పుడప్పుడు మూత తీసి గాలి పోనిచ్చేది. దసరా ఎళ్లింది, టెంటు కింద జనం జాతర. బాలకిషన్ పెట్టె తెరిసి చుట్ట పట్టుకుంటె పట్‌మని పగిలింది. ఉన్నదాన్నే ముట్టిస్తె నిప్పురవ్వలు రాలి కండువకు బొక్క! ఆ పెట్టెల మూలకున్న స్పంజిని నీళ్లతోని తడపాలెనంట, ఆయినకెవ్వలు చెప్పలే. ముల్లు గూడ కదలకపాయె. పోశవ్వది తీస్తె మెత్తగ, రొట్టె లెక్క. ముట్టిచ్చింది, పొగ నిమ్మలంగ లేసింది, బూడిద యేలంత పొడుగు నిలవడ్డది, రాలలే! మేం బీడీల ఆడోళ్లం జై తెలంగాణ అని ఒర్రితె పక్కవాడ మంది ఉరికచ్చిండ్రు. తెల్లారి ముందు వరుస నిండ మేమే, మెడలల్ల బంతిపూల దండలు. పోశవ్వ నడుమ కూసోని ఇంకోటి ముట్టిచ్చింది. 'ఉపాసంల చుట్టేందవ్వా?' అని ఎవలో పోరడు అంటె, 'పొగతోని కడుపు నిండుతె ఇన్నేండ్లు బీడీలెందుకు చేద్దురా' అన్నది. ఇగ బాలకిషన్ మెల్లగ అచ్చి చెయ్యి సాపిండు, 'అక్కా, నాకొకటియ్యవా?' అని. పోశవ్వ డబ్బ తీసి ఇచ్చింది. ఇచ్చి, 'తీసుకో తమ్మీ, ఎనుక జాగ ఉన్నది, కూసోని పాట పాడు' అన్నది. పాడిండే పిల్లా! గొంతు మంచిగనే ఉండె... అగో, కరెంటచ్చింది, లే, మోటరెయ్యిపో.