ఊపితే చప్పుడు రాకూడదట

ఏం చదువుతున్నావే అమ్మడూ, కాస్త పైకి చదువు, నేనూ వింటాను. ఏంటీ, రేణువులా? హయ్యో, ఆ పాఠం నేను బడి గడప తొక్కకుండానే నేర్చుకున్నాను. మీ పెద్దతాత చెప్పాడు. అదే, మా బావగారు, మీ తాతకి అన్న. నువ్వు ఫొటో కూడా చూసుండవులే, ఇంట్లో పెట్టనివ్వలేదు మీ తాత. ఆయనకి గ్యాస్ నింపే షెడ్డుండేది. పెద్ద సిలిండర్ని ఎత్తు మీద తలకిందులుగా పెట్టి, గొట్టం తగిలించి, కాటా మీదున్న చిన్నవాటిలోకి దించేవాడు. నేను కాటా ముల్లు చూసేదాన్ని. పొద్దున్నే తలుపు తీయగానే మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా వాసన చూసేవాడు. "అదిగో, ఊడిపోయిన పన్ను వెతుక్కుంటున్నాడు" అని వీధివాళ్ళు ఒకటే నవ్వు. "నవ్వండ్రా నవ్వండి! ఈ గ్యాస్ రేణువులు గాలి రేణువుల కంటే బరువు. కారితే పైకి పోవు, పాముల్లా నేలమీదే పడుకుంటాయి" అనేవాడు.

ఇంతకీ ఏం చెప్తున్నా? ఆఁ. బావగారి లెక్కలో గట్టి వస్తువులో రేణువులంటే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్న జనంట. లేవలేరు, ఉన్నచోటే కదులుతుంటారు. నీళ్ళలాంటివి టిక్కెట్ల దగ్గర తోపులాట, రాసుకుంటూ జరుగుతారు. గాలంటే బడి వదిలాక పిల్లలు. వాళ్ళని గదిలో పెట్టి తలుపేస్తే గోడల్ని గుద్దుతూనే ఉంటారు, ఆ గుద్దులే ఒత్తిడి. "మన సిలిండర్లో గ్యాస్ నీళ్ళలా అడుగున ఉంటుంది, అంటే తోపులాట జనం అమ్మాయ్. ఎండ తగిలితే ఒళ్ళు విరుచుకుంటారు. అయిదో వంతు ఖాళీ వదలకపోతే ఇనుమైనా చిరగాల్సిందే" అనేవాడు. ముల్లు ఎక్కడ ఆగాలో అక్కడ కాటాకి ఎర్రదారం కట్టాడు. కొనేవాళ్ళకి ఇవన్నీ ఎందుకు? సిలిండర్ని చెవి దగ్గర పెట్టి కొబ్బరికాయలా ఊపేవాళ్ళు. గలగలమందా, ఇక "సగమే పోశావు, దొంగా" అని తిట్లే.

ఆరోజు బావగారు పన్ను పీకించుకోడానికి వెళ్ళాడు. ఇస్త్రీ అక్క వచ్చింది. గ్యాస్‌తో కాలే ఇస్త్రీపెట్టెతో బట్టలు చేసేదిలే. షెడ్డులో మేమిద్దరమే. దారం దగ్గర ఆపాను. ఊపి చూసి, "మీ బావ బుద్ధులే వచ్చాయమ్మా నీకూ! సాటి ఆడదాన్నే ముంచుతున్నావు" అంది. రోషం పొడుచుకొచ్చింది నాకు. దారం దాటించాను. మళ్ళీ ఊపింది. చప్పుడు రాలేదు. "చల్లగుండు తల్లీ" అని చంకనెత్తుకుని పోయింది. తెలీక చేశానని ఎలా అననూ? పాఠమంతా నోటికొచ్చే చేశాను.

మండే ఎండలు. ఆమెది రేకుల గది. మధ్యాహ్నం పేలిన చప్పుడు షెడ్డు దాకా వినబడింది. నేను చూళ్ళేదే. చూసినవాళ్ళు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. పోలీసులొచ్చి "నింపిందెవరు?" అన్నారు. నేను నోరు తెరవబోయాను... లేదులే, ఇప్పుడు అబద్ధమెందుకు, తెరవలేదు. మీ నాన్న కడుపులో ఉన్నాడు, అయిదో నెల. బావగారు నా మొహం చూశాడు. "నేనే" అన్నాడు. దవడ వాచిపోయి మాట స్పష్టంగా రాలేదు పాపం, రెండోసారి చెప్పాల్సొచ్చింది.

ఆరేళ్ళు వేశారు. నాలుగో ఏట లోపలే పోయాడు. మీ తాత శవాన్ని తెచ్చుకోడానికి కూడా వెళ్ళలేదు. "ఊరందరికీ పాఠాలు చెప్పి, ఒక ఆడమనిషి ఉసురు పోసుకున్నాడు. వాడు నాకు అన్నేంటి?" అన్నాడు. అన్నం తింటూ అన్నాడు. నేను వడ్డిస్తున్నాను. తను పోయేదాకా అంటూనే ఉన్నాడు, నేను వడ్డిస్తూనే ఉన్నాను.

ఏంటే అలా చూస్తావు? ఏంటీ, మీ నాన్నకి తెలుసా అనా?

కాళ్ళు తిమ్మిరెక్కాయే. చెయ్యందుకో. ఊఁ, ఆ పేజీ తిప్పు, తర్వాతిదేంటో చదువు.