దీనికి అర్థమైతే చాలు

నాకు రాయడం రాదండీ. ఇన్నేళ్లొచ్చినా ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఎలా రాస్తాను? సరుకుల చీటీ రాసినా ఎర్రకలంతో దిద్ది ఇచ్చేవారు కదా మీరు! కొట్టతను ఆ చీటీ చూసి, "ఎన్ని మార్కులొచ్చాయమ్మా?" అని నవ్వేవాడు. అప్పట్నించీ సరుకులు నోటితోనే చెప్పుకున్నాను.

ఇప్పుడు దిద్దలేరుగా. అందుకే రాస్తున్నాను.

పక్క గదిలో పడుకుని ఉన్నారు మీరు. పక్షవాతం వచ్చి మూడు నెలలు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. చెవులు వింటాయి గానీ ఎంత అర్థమవుతుందో చెప్పలేమన్నాడు డాక్టరు. సాహిత్యం ప్రొఫెసరుకి ఇదేం రోగమండీ! అందరూ ఏడ్చారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. దుప్పటి మార్చాను.

కాలేజీలో మిమ్మల్ని కామా మాష్టారు అనేవారట. మీ మాటకి కామాలే గానీ ఫుల్‌స్టాపు ఉండదని. మా తమ్ముడు చెబితే నవ్వాను. కామా అంటే ఏంటో ఆ తర్వాత కనుక్కున్నాను. ఐదో తరగతి బుర్ర కదా.

రాజకీయాల్లోకి దిగాక ఆ బుర్రకే ఓ ఉద్యోగం ఇచ్చారు. ప్రసంగం రాయగానే నాకు చదివి వినిపించేవారు. నాకు తెలియని మాట వస్తే కొట్టేసేవారు. "దీనికి అర్థమైతే చాలు, ఊరందరికీ అర్థమైనట్టే" అనేవారు వచ్చినవాళ్లతో. వాళ్లు నవ్వేవారు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయేదాన్ని. అయినా నిజం చెప్పొద్దూ, ఆ ఉద్యోగం నాకిష్టంగానే ఉండేది. మొదటిసారి అలాగే గెలిచారు కూడా.

రెండో ఎన్నికల ముందు ఆ రైలు పట్టాల పక్క కాలనీ గొడవ వచ్చింది. లైను వెడల్పు చేస్తారు, ఇళ్లు తీసేస్తారు. "ఓట్లయ్యాక చెబుదాం బావా" అన్నాడు మా తమ్ముడు. మీరు వినలేదు. "ముందే చెప్పాలిరా. సామాన్లు సర్దుకోవద్దూ వాళ్లు?" అన్నారు.

ఆ ప్రసంగం నాకు చదివి వినిపించిన రోజు అప్పటికే రెండు మాటలకి అడ్డుపడ్డాను. "ఇంకేం మిగిల్చావే నా ప్రసంగంలో?" అని విసుక్కున్నారు. తమ్ముడు కాఫీ గ్లాసులోకి నవ్వాడు. మళ్లీ చదివారు. "ఈ ఇళ్ల తొలగింపు అనివార్యం. నేను మీ వెంటే ఉంటాను."

"అర్థమైందా?"

తలూపాను.

అర్థం కాలేదండీ. మీ మోకాళ్ల నొప్పి సీసా మీద 'నివారిణి' అని ఉంటుంది చూడండి, ఆ బాపతే అనుకున్నాను. తొలగింపుని ఆపేస్తారు కాబోలు, మంచిదే కదా అనుకున్నాను. అడుగుదామని నోటిదాకా వచ్చింది. తమ్ముడు ఇంకా నవ్వుతున్నాడు.

సభలో కాలనీకి కాలనీ చప్పట్లు కొట్టింది! ఒకావిడ వచ్చి నన్ను వాటేసుకుంది. "ఆపుతానన్నాడమ్మా మీ ఆయన!" అంది. నాకూ సంతోషమేసింది.

నెల తిరక్కుండా యంత్రాలొచ్చాయి. ఒక్కరూ సామాను సర్దుకోలేదు. గిన్నెలూ మంచాలూ రోడ్డు మీద పడ్డాయి. వాటేసుకున్నావిడే మన గేటు ముందు నిలబడి, "అబద్ధాలకోరు!" అని అరిచింది. పక్కింటి టీచరమ్మని అప్పుడడిగాను. అనివార్యం అంటే ఆపలేనిదట.

ఓడిపోయారు. మళ్లీ మైకు ముట్టుకోలేదు. పదకొండేళ్లు అన్నం ముందు కూర్చుని అదే మాట. "స్పష్టంగా చెప్పాను కదే! చప్పట్లెందుకు కొట్టారు?" నేను మజ్జిగ పోసేదాన్ని. ఆ ఒక్క సంగతీ తేలక మీరు లోపల్లోపల అరిగిపోయారు. నాకు తెలుసు, చెప్పలేదు. ముందు భయం. తర్వాత అలవాటు.

ఇదిగో, చెప్పాను.

ఇది మర్నాడు రాస్తున్నాను. పొద్దున మీ ముఖం తుడిచి, మంచం పక్కన స్టూలు వేసుకుని, ఈ కాగితం మొదట్నించీ చదివాను. తప్పులతో సహా. మీరు నావైపే చూస్తూ ఉన్నారు. చదవడం అయ్యాక, "అర్థమైందా అండీ?" అన్నాను.

తలూపారు.

ఆ రోజు నేనూపినట్టే.