నీలి మరక ఎక్కడిది?

పంతొమ్మిది వందల ఎనభై ఏడవ సంవత్సరం జూన్ ఒకటవ తేదీ, సోమవారం ఉదయం, మన కర్మాగారపు హాజరుపట్టీలో నూట పద్నాలుగవ పేరుగా తమ తొలి సంతకాన్ని చేసి, గురి పోటీల రైఫిళ్లకు గొట్టాలు తయారు చేసే ఈ వృత్తిలో అడుగుపెట్టిన మా పెద్దలు, మాస్టారు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. వారి ముప్ఫై ఎనిమిదేళ్ల సేవాకాలంలో ఇరవై రెండేళ్లు వారి పక్క గదిలో, శుభ్రతా పరీక్షల బల్ల దగ్గర పనిచేసే అవకాశం నాకు కలిగింది.

ఆ తొలిరోజున వారికి అప్పగించిన పని, పూర్తయిన గొట్టాలకు నూనె పట్టించడం. మధ్యాహ్నానికల్లా వారు ఒక గొట్టాన్ని పట్టుకుని మేస్త్రీ ముందు నిలబడ్డారట.

"ఇటునుంచి చూస్తే మెలిక కుడికి తిరుగుతోందండీ. తిప్పి అటునుంచి చూసినా కుడికే తిరుగుతోంది. ఎడమకి తిరగాలి కదా?"

"నీకెందుకయ్యా? అది ఎటు తిరిగితే నీకేం? నువ్వు నూనె రాయి."

మేస్త్రీ ఆ రాత్రి ఇంట్లో ఒక స్క్రూను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ భోజనం చల్లార్చుకున్నారని, మర్నాడు వచ్చి "నన్నూ చెడగొట్టావు కదయ్యా" అన్నారని, ఆనాటివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వారంలోనే మాస్టారికి 'గొట్టంగారు' అన్న పేరు స్థిరపడింది. ఒకసారి కర్మాగారానికి వచ్చిన వారి శ్రీమతిగారిని ఆ పేరు గురించి మొహమాటంగా అడిగితే, "బయట 'గారు' అయినా తగిలిస్తున్నారు, ఇంట్లో అదీ లేదండీ" అని నవ్వేశారు. కొత్త నీళ్ల గొట్టం కొని తెచ్చినా, కిటికీ వెలుగుకెదురుగా పెట్టి లోపలికి చూడనిదే మాస్టారు బిగించనివ్వరట.

నాలుగేళ్లకు వారు కోత యంత్రం దగ్గరకు, మరో ఏడేళ్లకు తనిఖీ విభాగానికి చేరుకున్నారు. గొట్టం లోపలి గోడపై మెలికగా కోసే గాడులు, వాటి మధ్య మిగిలే మిట్టలు తూటాను పట్టి తిప్పుతాయి. అలా తిరుగుతున్నందువల్లనే అది దారి తప్పదు. అయితే మిట్టకూ గాడికీ మధ్య గోడ నిట్టనిలువుగా ఉన్నప్పుడు అక్కడొక మూల ఏర్పడుతుంది. తూటా తొడుగు నుంచి రాలిన రాగి, మందు మసి ఆ మూలలో పేరుకుంటాయి. తుడిచే పేలిక అక్కడికి చేరదు. ఆ గోడను వాలుగా కోస్తే మూలే ఉండదు కదా అన్నది మాస్టారి ఆలోచన. గాడుల సంఖ్యను ఆరు నుంచి ఐదుకు తగ్గిస్తే ప్రతి మిట్టకూ ఎదురుగా గాడి వస్తుందని, తూటా రెండు మిట్టల మధ్య నలగదని కూడా వారు భావించారు. అందుకు కావలసిన కోతపళ్లను సానరాయిపై తామే అరగదీసుకుంటూ, వెంట్రుకవాసి తేడాలకు పళ్లను పారేస్తూ, వారు ఎనిమిదేళ్లు గడిపారు.

రెండువేల తొమ్మిదిలో ఆ కొత్త గాడితో మూడు గొట్టాలు తయారై నా బల్ల మీదికి వచ్చాయి. నా నివేదిక అనుకూలంగా ఉంటే అవి గురి పరీక్షకు వెళతాయి. లేకుంటే శుక్రవారం నాటి సమావేశంలో ఆ నమూనా రద్దవుతుంది, కోతపళ్లు తుక్కులోకి పోతాయి. ఒక్కో గొట్టం నుంచి పాతిక తూటాలు కాల్చిన తర్వాత ద్రావకంలో తడిపిన పేలికలను ఊచ కొనకు చుట్టి, గొట్టం వెనుకవైపు నుంచి దూర్చి తుడవాలి. లోపల రాగి మిగిలి ఉంటే పేలిక నీలంగా మారుతుంది. తెల్లగా వచ్చేవరకు లెక్కపెట్టాలి. పాత గాడికి పద్నాలుగు పేలికలు పడతాయని మా పట్టికలు చెబుతాయి. కొత్త గాడికి నలభై ఒకటి వాడినా నీలం పోలేదు. మూడు గొట్టాలదీ అదే తీరు. 'శుభ్రతకు అనర్హం' అని రాసి సంతకం చేశాను.

మాస్టారు గురువారం మధ్యాహ్నం వచ్చారు. కోపగించుకుంటారేమోనని మాటలు కూడదీసుకుని కూర్చున్నాను. వారు నా వైపు చూడనే లేదు. బల్ల మీద వరుసగా పరిచి ఉన్న పేలికలనే చూస్తూ నిలబడ్డారు.

"అమ్మాయ్, ఇది మొదటిది, అది నలభై ఒకటోది. అవునా?"

"అవును మాస్టారూ."

"రెండూ ఒకటే నీలం. కొంచెమైనా వెలవలేదే! తుడిచేకొద్దీ తరగని మురికి ఎక్కడుంటుందమ్మా?"

"మనుషుల్లో," అన్నాను, ఉక్రోషంగానే.

"అది మన సెక్షన్ కాదులే," అని నవ్వి, ఊచను చేతిలోకి తీసుకున్నారు. "ఈ కొన ఇత్తడిదా?"

నైలాన్ కొన ఆ వారమే విరిగింది. స్టోర్సులో దొరికిన ఇత్తడి కొనను బిగించుకున్నాను. వారు దానికి ఒక కొత్త పేలిక చుట్టి, ద్రావకంలో ముంచి, ఏ గొట్టంలోనూ పెట్టకుండా ఉత్త పింగాణీ పళ్లెంలో ఉంచారు. ఇద్దరం టీ తాగాం. కప్పులు ఖాళీ అయ్యేసరికి పేలిక నీలంగా మారింది.

ఇత్తడిలో రాగి ఉంటుందని నాకు తెలియనిది కాదు. తెలిసిన విషయాన్ని నా చేతిలోని పనిముట్టుకు వర్తింపజేసుకోలేదు, అంతే. గొట్టాన్ని పరీక్షిస్తున్నాననుకుంటూ నలభై ఒక్కసార్లు నా ఊచనే పరీక్షించాను.

"మీరే దిద్దండి మాస్టారూ, నేను సంతకం పెడతాను," అన్నాను.

"బాగుందమ్మా! నా గాడికి నేనే సాక్ష్యం చెప్పుకోనా? నువ్వే మళ్లీ చెయ్యి, నువ్వే రాయి. పాతది మాత్రం చింపకు. రెండూ కలిపి పిన్ను కొట్టు."

సాయంత్రానికి నైలాన్ కొన తెప్పించి, గొట్టాలను కడిగి, మళ్లీ కాల్పించి తుడిచాను. ఏడవ పేలిక తెల్లగా వచ్చింది. రెండు నివేదికలనూ కలిపి శుక్రవారం సమావేశంలో ఉంచాను. గొట్టాలు గురి పరీక్షకు వెళ్లాయి.

ఆపై నెల రోజుల పాటు గురి పరీక్ష జరిగింది. కొత్త గొట్టాలు కొట్టిన తూటా రంధ్రాల గుంపులకూ పాతవి కొట్టిన గుంపులకూ, కాగితం మీద, తేడా లేదు. మాస్టారు తమ నివేదికను రెండు వాక్యాలలో ముగించారు: 'శుభ్రత సులువు. గురిలో మెరుగు కనిపించలేదు.' ఎనిమిదేళ్ల శ్రమను వృథా కానివ్వడానికి మేనేజరుగారికి మనసొప్పలేదు.

"ఆ రెండో వాక్యం లేకపోతే మునిగేదేముంది మాస్టారూ?"

"అది తీసేస్తే మొదటిదాన్ని నమ్మేదెవరండీ?"

అందువల్ల ఆ గాడి పోటీ రైఫిళ్లకు ఎక్కలేదు. కానీ కొత్తగా నేర్చుకునేవారి అభ్యాస రైఫిళ్లకు, అంటే ఎక్కువగా కాల్చి తక్కువగా తుడిచేవారి చేతుల్లోకి వెళ్లే వాటికి, ఆ సంవత్సరమే ఎక్కింది. నేటికీ అదే కోస్తున్నాం. నమూనా పుస్తకంలో దానికొక సంఖ్య మాత్రమే ఉంది. యంత్రాల దగ్గర మాత్రం అది 'గొట్టంగారి గాడి'.

తదుపరి పదహారేళ్లలో వారు తనిఖీ విభాగాధిపతులుగా చేసిన సేవలను ఈ వీడ్కోలు సంచికలో ఇతర మిత్రులు వివరించారు. నేను ఒక్క మాటే చేరుస్తాను. ఆ ఇత్తడి కొన నా బల్ల పైనున్న మేకుకు నేటికీ వేలాడుతోంది. ఏ నివేదిక మీద సంతకం పెట్టబోయినా కళ్లు ముందు దాని మీదికే పోతాయి. ఎదుటివారిలో నాకు కనిపించే మరకల్లో నా ఊచకు అంటినవి ఎన్నో, ఇన్నేళ్ల తర్వాతా నేను తేల్చుకోలేకపోయాను. అయితే ఆ ప్రశ్న వేసుకోకుండా సంతకం పెట్టడం మాత్రం మానుకున్నాను.

మొన్న వీడ్కోలు చెప్పడానికి మా గదికి వచ్చిన మాస్టారు ఆ మేకు వైపు చూసి, "ఇంకా పారేయలేదా?" అని, ఆ కొనను చేతిలోకి తీసుకుని, "అమ్మాయ్, పచ్చబడింది చూడు. ద్రావకం తగలకుండా ఇది పచ్చబడటానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందంటావ్?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. తమకూ తెలియదన్నారు, ఎంతో సంతోషంగా.

మాస్టారి కంటిచూపు, కాళ్ల సత్తువ, ఆ సంతోషం ఏమాత్రం తరగకుండా వారు శ్రీమతిగారితో, పిల్లలతో నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా ఉండాలని, ఇంట్లో ఏ గొట్టాన్ని కిటికీకి ఎదురుగా పట్టినా ఆ చివర వారికి గుండ్రని వెలుగే కనిపించాలని మనసారా కోరుకుంటున్నాను. సంతకం పెట్టే ముందు ఒకసారి మేకు వైపు చూశాను. ఈ మాటల్లో మరక లేదు.